ఎనిమిదో రిలే

కార్డుల కట్టను మిషన్ నోట్లో సర్ది, వకుళ మొదటి స్విచ్చి తిప్పింది.

"అన్నయ్యా, ఒంటి సంగతేనా? అయితే దవడ బిగించు."

మంచం మీద శేషాచలంలో చలనం లేదు. కాకినాడ మెయిన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుకునే మనిషి, ఒక ఉదయం పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ కుప్పకూలిపోయాడు. మెదడు అడుగున నరం చిట్లిందన్నారు. అప్పటినుంచి కాళ్ళూ చేతులే కాదు, కనురెప్ప కూడా అతని మాట వినడం మానేసింది. వినపడుతుంది, అర్థమవుతుంది. ముక్కులోంచి వేసిన గొట్టంలో గంజీ పాలూ పోస్తే ప్రాణం నిలుస్తుంది. అంతకుమించి ఏమీ లేదు.

అతని చెల్లెలు వకుళ ఇంజనీరింగు కాలేజీలో విద్యుత్తు పాఠాలు చెబుతుంది. కదలమని మెదడు పంపిన ఆజ్ఞ కండరాన్ని కదిలించలేకపోయినా, దవడ కింద చర్మంలో వీసమెత్తు కరెంటును వదిలి వెళుతుందని కనిపెట్టింది ఆమే. అన్న దవడకు రెండు వెండి బిళ్ళలు అంటించి, ఆ కరెంటును రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వుల పెట్టెలోకి పంపి, ఒక రిలేని, అంటే అయస్కాంతంతో కదిలే చిన్న ఇనుప మీటను, లాగగలిగేంత పెంచింది. ఏదో ఆఫీసువాళ్ళు వేలంలో వదిలించుకున్న, చిల్లుల కార్డులు వేరుచేసే పాత మిషన్‌ను ఆసుపత్రి గదిలోకి మోయించి, దానికి ఈ పెట్టెను కలిపింది.

పెట్టెలో టక్కుమంది. మొదటి రిలే ఇనుప నాలుక తన అయస్కాంతానికి తగిలింది. అన్న ఔనన్నాడన్నమాట. వకుళ మోటారు వేసింది.

కార్డులు ఒకదాని వెనక ఒకటి ఇత్తడి కుంచె కింద నుంచి జారిపోసాగాయి. మొదటి వరసలో చిల్లు ఉన్న కార్డు రాగానే కుంచె చిల్లులోంచి దిగి కింది లోహాన్ని తాకుతుంది, కరెంటు పారుతుంది, ఒక రేకు తలుపు తెరుచుకుని కార్డు వెనక అరలో పడుతుంది. రిలే లేవకపోతే అంతా తారుమారు. చిల్లు లేనివే వెనక అరకు చేరతాయి. వెనక అరలో పడ్డవాటిని తీసి, రెండో స్విచ్చి తిప్పి రెండో రిలేని కలిపి, రెండో ప్రశ్న అడగాలి. ప్రశ్న ప్రశ్నకూ కట్ట సగమైపోతూ, ఎనిమిదో ప్రశ్న అయ్యేసరికి ఒక్క కార్డు మిగులుతుంది. దాని మీద టైపు చేసి ఉన్న వాక్యమే శేషాచలం మాట.

"చివరిది అన్నయ్యా. కావాలంటే ఊరికే ఉండు. వద్దంటే బిగించు."

మోటారు హోరులో కార్డు పడిన చప్పుడు కూడా వినపడలేదు. శేషాచలం భార్య కనకవల్లి దాన్ని అందుకుంది. పొద్దున్నే భర్త కాళ్ళకు నువ్వుల నూనె రాసిన చేతులు. కార్డును అతని కళ్ళ ముందు పెట్టి, ఎప్పటిలాగే పైకి చదివింది.

"గొట్టం వద్దు."

తలుపు దగ్గర నిలబడ్డ డాక్టర్ కామేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ అడిగి చూశానమ్మా. మిగతా కార్డులన్నీ తీసేసి, గొట్టం కావాలి, గొట్టం వద్దు అన్న రెండే పెట్టి అడిగాను. ఎన్నిసార్లడిగినా మనిషి మాట మార్చలేదు."

కనకవల్లి కార్డును ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంటికి తీసుకెళ్ళిపోతాను డాక్టరు గారూ. ఇన్నాళ్ళూ ఆయన అడిగింది ఏదీ కాదనలేదు. దీన్ని మాత్రం ఏమని కాదంటాను?"

వకుళ మోటారు ఆపేసింది. ఆ గదిలో ఆ మాటను కాదనే అర్హత అందరికన్నా తనకే తక్కువ. ఆ మాట పుట్టిందే తన మిషన్‌లోంచి.

మొదట్లో ఇలా లేదు. మిషన్ బిగించిన వారంలో శేషాచలం అడిగిన మొదటి సంగతి కూతురే. "నీరజని తీసుకురండి" అన్న కార్డు పడగానే కనకవల్లి నవ్వుతూ ఏడ్చింది. మూడో తరగతి చదివే నీరజ రోజూ బడి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి, తండ్రి మంచం పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేది. కిటికీ తెరవమన్నాడు, రేడియో పెట్టమన్నాడు, కబుర్లు చెప్పమన్నాడు. ఆసుపత్రిలో మిగతా రోగుల బంధువులు కూడా గుమ్మంలో నిలబడి వింత చూసినట్టు చూసేవారు.

తర్వాత తర్వాత మనిషి మారిపోయాడు. రేడియో వద్దన్నాడు. కిటికీ వద్దన్నాడు. చూడ్డానికొచ్చిన స్నేహితులు వద్దన్నాడు. ఒకరోజు, పిల్ల పక్కన కూర్చుని ఉండగానే, "నీరజని తీసుకెళ్ళండి" అని పడింది. కనకవల్లి చదవకుండా దాచబోయింది. పిల్ల అప్పటికే చదివేసింది. మర్నాడు మళ్ళీ అదే కార్డు. ఆ మర్నాడూ అదే. చివరికి కనకవల్లి అన్నగారు వచ్చి నీరజను తునిలో తమ ఇంటికి తీసుకుపోయాడు. బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు.

మనిషికి బతుకు మీద విరక్తి కలిగిందని డాక్టరు గారన్నారు. అలాంటి జబ్బులో అది మామూలేనన్నారు. గొట్టం మాట మొదలయ్యింది ఆ తర్వాతే. ఇంకొకటి కూడా అనేవాడు. కుదిరినప్పుడల్లా, ఏ ప్రశ్న ఎటు తిప్పినా దారి చేసుకుని, "ఈ మిషన్ వద్దు" అనేవాడు. అది పడ్డప్పుడల్లా వకుళ ముఖం పక్కకు తిప్పుకునేది.

సాయంత్రం గొట్టం తీసేశారు. వ్యాన్‌లో పడుకోబెట్టి రామారావుపేటలో ఇంటికి తీసుకెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నం వకుళ ఒక్కతే ఆసుపత్రి గదికి వచ్చింది. మిషన్ విప్పి కాలేజీకి పంపెయ్యాలి. తీగలు ఊడదీసి, వెండి బిళ్ళలు కడిగి బల్ల మీద పెట్టి, కార్డులు డబ్బాలో సర్దడానికి కూర్చుంది. కార్డులన్నీ జతలు. ఒకటి కావాలనేది, దాని పక్కది వద్దనేది. రెండింటికీ తేడా చివరి వరసలో ఒకే ఒక్క చిల్లు. ఆ జతలను ఇన్‌స్టిట్యూట్ పిల్లలే టైపు చేసిచ్చారు.

సర్దుతూ సర్దుతూ ఆమె చెయ్యి ఆగింది.

కార్డుల అంచున నూనె మరకలు. కనకవల్లి బొటనవేలివి. పడిన ప్రతి కార్డునూ అలాగే పట్టుకుని చదివేది కదా. "స్నేహితులు వద్దు" మీద మరక మీద మరక. దాని జత తెల్లగా ఉంది. "కిటికీ మూయండి" జిడ్డోడుతోంది. దాని జత మీద పాతబడిన ఒక్క మరక. వకుళ కట్టను బల్ల మీద పరిచేసి చూసింది. నూనె అంటిందంతా వద్దనే కార్డులకే. కావాలనే వాటిలో తొలి వారాలవి కొన్ని తప్ప, మిగతావి మిషన్‌లోకి వెళ్ళి వచ్చాయే గాని మనిషి చేతికి రాలేదు.

విరక్తి చెందినవాడు అన్నీ వద్దంటాడు, నిజమే. కాని దుప్పటి కూడా వద్దన్నాడు, ఆ దుప్పటి తీసెయ్యడం కూడా వద్దన్నాడు. రెండు కార్డుల మీదా మరకలున్నాయి.

వకుళ మిషన్ వైపు తిరిగింది. వాల్వుల పెట్టెకు కరెంటు లేదు. వెండి బిళ్ళలు బల్ల మీద ఉన్నాయి. వాటి అవతల ఏ మనిషీ లేడు. ఆమె గొట్టం కార్డులు రెండూ మిషన్‌లో పెట్టి, ఎనిమిదో స్విచ్చి తిప్పి, మోటారు వేసింది.

వెనక అరలో కార్డు పడింది. గొట్టం వద్దు.

నీరజ కార్డులు పెట్టింది. నీరజని తీసుకెళ్ళండి.

ఖాళీ గదిలో, ఎవరూ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా, మిషన్ తన పాటికి తాను జవాబిస్తోంది. వకుళ చప్పున మోటారు ఆపేసి రిలేల పెట్టె మూత ఊడదీసింది. ఏడు రిలేల నాలుకలు తమ అయస్కాంతాలకు దూరంగా, ఎడంగా నిలబడి ఉన్నాయి. ఎనిమిదోది మాత్రం అతుక్కుని ఉంది. పెన్సిలు మొనతో లాగితే ఊడివచ్చింది. వెండి బిళ్ళలు కలిపి, వాల్వులు వేసి, తన దవడ కిందే పెట్టుకుని ఒక్కసారి బిగించింది. టక్కుమని అతుక్కుంది. వదిలేసింది. అది వదల్లేదు.

ఎందుకో ఆమెకు వెంటనే తెలిసింది. ప్రతి రిలే నాలుకకూ కొసన సన్నటి ఇత్తడి మేకు ఉంటుంది. ఇనుము ఇనుముకు పూర్తిగా తగలకుండా ఆపేది అదే. తగిలిందా, కరెంటు పోయినా ఇనుములో మిగిలిపోయిన కాసింత అయస్కాంతం దాన్ని పట్టుకుని వదలదు. మొదట్లో ఎనిమిదో ప్రశ్నకొచ్చేసరికి అన్న అలసిపోయేవాడు. వద్దని బిగించినా రిలే లేవడంలేదని మీటరు చూసి కనిపెట్టింది. పాపమనిపించి, ఆ ఒక్క రిలేకి ఇత్తడి మేకును ఆకురాయితో అరగదీసింది. కాస్త బిగించినా లేచింది. సంతోషించింది. ఇక మీటరుతో పనేముందని కాలేజీకి పంపేసింది. వాడగా వాడగా ఇనుము అయస్కాంతమై, ఒకరోజు లేచినది మళ్ళీ దిగలేదు.

అంటే కూతురు కావాలని ఊరికే ఉన్నాడు. ఆకలేసి గొట్టం మాటెత్తి, కావాలి అంటూ ఊరికే ఉన్నాడు. డాక్టరు ఆ రెండు కార్డులే పెట్టి అన్నిసార్లు అడిగినప్పుడల్లా, తనలో మిగిలిన బలమంతా పెట్టి, బిగించకుండా ఊరికే ఉన్నాడు. తన పేరు మీద వేరే మాట చదువుతుంటే విన్నాడు.

మిషన్ వద్దు. ఆ మాట గుర్తొచ్చి వకుళ ఆ కార్డును చేతిలోకి తీసుకుంది. అన్నిటికీ వద్దనే వస్తుందని అతనికి అర్థమైపోయింది. వద్దన్నా నిజమయ్యే మాట కోసం ఆ కార్డులన్నీ మనసులో వెతుక్కున్నాడు. ఒకటి దొరికింది. అదే చెప్పాడు, పదే పదే చెప్పాడు. తనేమో ముఖం తిప్పుకుంది.

వాల్వుల పెట్టె, ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక రెండువైపుల స్విచ్చి. ఇత్తడి మేకు చెక్కుచెదరని మొదటి రిలేని ఊడదీసి వాటితోపాటు కూరల సంచీలో వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. రిక్షా దొరికింది. రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ కదలడంలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని బండి పెట్టెలు లెక్కపెట్టబోయి, లెక్క తప్పి మానేసింది.

కనకవల్లి భర్త తల దగ్గర కూర్చుని తడి గుడ్డతో పెదాలు అద్దుతోంది. శేషాచలం కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"వదినా, డాక్టరు గారికి కబురు పెట్టు. గొట్టం మళ్ళీ వెయ్యాలి."

"ఏం మాట్లాడుతున్నావు?"

"అన్నయ్య వద్దనలేదు. మిషన్ అంది. ఎనిమిదో రిలే అతుక్కుపోయింది. ఎవరూ లేకపోయినా వద్దనే అంటోంది. ఇప్పుడే నా కళ్ళతో చూసొచ్చాను."

కనకవల్లి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నిన్నటిదాకా అది ఆయన గొంతేనన్నావు. నమ్మాను. ఆ మాట పట్టుకునే కాగితం మీద సంతకం పెట్టాను. రాత్రంతా ఈ పెదాలు ఎండిపోతుంటే, ఆయన కోరిందేగా అని నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. ఇవాళొచ్చి కాదంటావు. రేపొచ్చి ఇంకేమంటావు వకుళా?"

"నన్ను నమ్మొద్దు వదినా. ఆయన్నే అడుగు."

"దేంతో అడగను? నీ మిషన్‌తోనా?"

వకుళ సంచీలోవి నేల మీద పెట్టింది. "కార్డుల్లేవు. మాటల్లేవు. ఒక్క రిలే, ఒక్క బల్బు. నీ కళ్ళెదురుగా ఉంటాయి. మూత కూడా ఉండదు."

వెండి బిళ్ళలు అంటించి, పెట్టె తీగను గోడకు తగిలించింది. వాల్వులు వేడెక్కాలి. గాజు లోపల తీగలు మెల్లగా ఎరుపెక్కుతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి కనకవల్లి అడిగింది.

"నీరజని తీసుకెళ్ళమన్నదీ?"

"అదీ."

కనకవల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యా," వకుళ మంచం మీదికి వంగింది. "నేను వకుళని. నా మాట వినపడితే బిగించు. బల్బు వెలుగుతుంది."

వెలగలేదు.

"గట్టిగా బిగించు అన్నయ్యా."

ఏమీ లేదు. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రోజంతా నీళ్ళు లేని శరీరం. ఈ రిలేకి మేకు నిండుగా ఉంది, నిజంగా బిగిస్తేనే లేస్తుంది. అరగదీసిన రిలే తెచ్చుంటే ఈపాటికి వెలిగి ఉండేదేమో. వెలిగి, ఇక ఆరేదీ కాదు.

"చూశావా," అంది కనకవల్లి. ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది.

"చర్మం ఎండిపోయింది వదినా. ఉప్పు నీళ్ళు కావాలి."

కనకవల్లి గ్లాసు తెచ్చి, భర్త దవడ కింద తానే తడిపింది. బిళ్ళలు తానే అదిమి పట్టుకుంది. "ఏమండీ," అంది చెవి దగ్గర. "నేను. ఒక్కసారి."

టక్.

బల్బు వెలిగింది. చిన్న టార్చి బల్బు, పగటి వెలుతురులో కనపడీ కనపడనంత. కనకవల్లి ఒక చేత్తో దానికి నీడ పట్టి చూసింది.

"వదిలెయ్యి అన్నయ్యా."

టక్. ఆరిపోయింది.

"గొట్టం మళ్ళీ వెయ్యమంటే వెలిగించు."

వెలిగింది.

"ఇదీ అతుక్కుందేమో," కనకవల్లి గొణిగింది. తనను తాను నమ్మనివ్వడంలేదు. "నాకు ఖాయంగా తెలియాలి."

వకుళ రెండువైపుల స్విచ్చి అటు వేసింది. ఇప్పుడు ఊరికే ఉంటే బల్బు వెలుగుతుంది. బిగిస్తే ఆరుతుంది. "అన్నయ్యా, తిరగేశాను. గొట్టం కావాలంటే ఇప్పుడు ఆర్పాలి."

బల్బు వెలుగుతూనే ఉంది. ఒక్క క్షణం వణికింది. ఆరింది. ఆరి అలాగే ఉండిపోయింది. మనిషి అవతల నుంచి దాన్ని పట్టుకున్నట్టే ఉండిపోయింది.

కనకవల్లి వీధి గుమ్మంలోకి పరిగెత్తి, పక్కింటాయనను డాక్టరు గారి దగ్గరకు సైకిలు మీద పంపించింది. తిరిగి వచ్చి మంచం అంచున కూర్చుని, స్విచ్చి మామూలుగా పెట్టమని సైగ చేసింది. ఆమె అడగబోయే దానికి ఏ కార్డూ ఎప్పుడూ లేదు.

"ఏమండీ. గొట్టం తీయించింది నేనే. పిల్లను పంపేసిందీ నేనే. నామీద కోపంగా ఉందా?"

కాదనాలని వకుళ మనసులో వేడుకుంది.

బల్బు వెలిగింది. అప్పటిదాకా వెలిగినవాటన్నిటికన్నా ఎక్కువసేపు వెలిగింది. ఆరుతుందేమోనని ఇద్దరూ చూశారు. ఆరలేదు.

కనకవల్లి ముఖం నలిగిపోయింది. తర్వాత ఎందుకో, వకుళ ఎన్నడూ చూడనంత తేటగా అయింది.

"ఉండాలి," అంది భర్త నుదురు నిమురుతూ. "ఉండనివ్వండి. ఎంత కోపం ఉంటే అంత చూపించండి. నేనిక్కడే ఉంటాను."

ఆ సాయంత్రమే కామేశం గారు గొట్టం వేశారు. ఆ ఒక్క రోజు నీళ్ళు లేకపోవడం శేషాచలాన్ని ఊరికే వదల్లేదు. జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. బతుకుతాడో లేదో తేల్చి చెప్పలేమన్నారు. వకుళ ఆ కార్డుల మిషన్‌ను మళ్ళీ బిగించలేదు. ఎంత పెద్ద కట్ట చేసినా అది తను రాసిన మాటల్లోంచి అతను ఏరుకోవడమే. బల్బు ఒక్కటే ఉంచింది. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు, స్విచ్చి తిరగేసి మరీ అడగాలని కనకవల్లి నియమం పెట్టింది.

జ్వరం కాస్త దిగిన రోజున నీరజ మామయ్యతో తుని నుంచి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వకుళ ఎదురెళ్ళి జరిగినదంతా చెప్పింది. నాన్న అన్నది కాదని, మిషన్ పాడైతే అలా పడిందని, పాడుచేసింది తనేనని చెప్పింది. పిల్ల విన్నది. విని, మంచానికి వీపు పెట్టి నేల మీద కూర్చుంది. ఆ పూటా మర్నాడూ అక్కడే అన్నం తింది, అక్కడే నిద్రపోయింది, తండ్రి వైపు మాత్రం తిరగలేదు.

మూడో రోజు ఎవరూ పిలవకుండానే లేచి, బల్బు దగ్గరకు వచ్చి నిలబడింది.

"నాన్నా, ఇది నువ్వా, అత్తయ్య మిషనా?"

వకుళకు ఏం చెయ్యాలో తోచలేదు. అలా అడిగితే ఔననీ చెప్పలేడు, కాదనీ చెప్పలేడు. స్విచ్చి ఎటు తిప్పినా అదే. వేరేలా అడగమని చెప్పడానికి నోరు తెరిచింది.

బల్బు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. రిలే నాలుక టక టకా కొట్టుకుంటోంది. ఒకసారి గబగబా, ఒకసారి ఆలస్యంగా, మధ్యలో ఆయాసం తీర్చుకున్నట్టు ఆగి, మళ్ళీ. ఎవరూ అడగని లయలో, ఎవరూ నేర్పని తీరులో, బక్క బల్బు వెలుగుతూ ఆరుతూ వెలుగుతూ ఉంది.

నీరజ కాసేపు చూసింది. దగ్గరకు వెళ్ళి మంచం అంచున గడ్డం ఆనించి, తండ్రి చెవిలో చెప్పింది.

"నువ్వే. తెలిసింది. ఇంక చాల్లే నాన్నా, అలిసిపోతావు."

బల్బు ఆగలేదు.